బడి ల్యాబులో శానిటైజర్ ప్రాజెక్టు: తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, కొలతలతో సహా

కరోనా రోజుల్లో ప్రతి బడి గుమ్మం దగ్గరా ఒక శానిటైజర్ సీసా ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం చేస్తే అందులో ఉండేవి నాలుగే నాలుగు: ఆల్కహాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్, గ్లిజరిన్, నీళ్లు. ఈ నాలుగింటితో ద్రావణాల గాఢత, సాంద్రత, ఆక్సీకరణం, ఉత్ప్రేరకం, క్రియాత్మక సమూహాలు అన్నీ చేత్తో పట్టుకుని నేర్చుకోవచ్చు. అందుకే దీన్ని సరిగ్గా ఎలా చేయించాలని సైన్స్ టీచర్లు, సైన్స్ ఫెయిర్‌కి తయారయ్యే పిల్లలు అడుగుతూనే ఉన్నారు.

చాలాచోట్ల ఈ ప్రాజెక్టు ఎలా నడుస్తుందంటే, మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెస్తారు, అలోవెరా జెల్ వేస్తారు, గరిటెతో కలుపుతారు, సీసాలో పోసి ఫొటో దిగుతారు. అందులో కెమిస్ట్రీ లేదు. కలపడం పది నిమిషాల పని. చదువంతా కలపడానికి ముందు వేసే లెక్కలోనూ, కలిపాక చేసే పరీక్షలోనూ ఉంది. కింది పద్ధతి ఆ రెండింటి చుట్టూ అల్లింది. ముప్పై మంది ఉన్న తరగతిని ఆరు బృందాలు చేస్తే నాలుగు పీరియడ్లు, ఆ తర్వాత 72 గంటల విరామం, ఇంకో పీరియడ్ సరిపోతాయి.

1. ముందు ఫార్ములా తేల్చుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ స్థానికంగా తయారుచేసుకోవడానికి రెండు ఫార్ములాలు ఇచ్చింది. ఒకటి ఇథనాల్‌తో, రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. బడికి రెండోదే మంచిది. శుద్ధమైన ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతుల తతంగం ఉంటుంది. పైగా అది ల్యాబు బీరువాలో ఉంటే ఎవరి కన్ను పడుతుందో చెప్పలేం.

రెండో ఫార్ములాను ఒక బృందానికి, అంటే 100 మి.లీ.కి కుదిస్తే:

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (99.8 శాతం): 75.2 మి.లీ.
- హైడ్రోజన్ పెరాక్సైడ్ (3 శాతం): 4.2 మి.లీ.
- గ్లిజరిన్ (98 శాతం): 1.45 మి.లీ., తూకంలో 1.8 గ్రా.
- మరిగించి చల్లార్చిన నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్: మొత్తం 100 మి.లీ. గీత దాకా

చివరి వరుసను ఇంకోసారి చదవండి. నీళ్లకు కొలత రాయలేదు, గీత దాకా అని మాత్రమే ఉంది. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

ఈ నాలుగింటిలో దేని పని ఏమిటో పిల్లలకు మొదటే చెప్పండి. వైరస్ పైపొరను, ప్రొటీన్లను చెడగొట్టేది ఆల్కహాల్. పెరాక్సైడ్ చేతుల కోసం కాదు, సీసాలోనో నీళ్లలోనో ఉండిపోయిన బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలను) చంపడానికి. గ్లిజరిన్ చర్మం ఎండిపోకుండా కాపాడుతుంది. నీళ్లు లేకపోతే ఆల్కహాల్ పని చేసేలోపే ఆరిపోతుంది.

2. కొనాల్సినవి, కొనకూడనివి

ఆరు బృందాలకు సరిపడా:

- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ల్యాబ్ గ్రేడు, 99 శాతానికి పైన: 1 లీటరు సీసా ఒకటి
- హైడ్రోజన్ పెరాక్సైడ్, మెడికల్ షాపుది: 100 మి.లీ. సీసాలు రెండు
- గ్లిజరిన్, మెడికల్ షాపుది: 100 మి.లీ.
- డిస్టిల్డ్ వాటర్: 2 లీటర్లు
- 50 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు (సన్నని మెడ మీద ఒకే కొలత గీత ఉండేవి, మూతతో) ఆరు, 100 మి.లీ.వి ఆరు. 100 మి.లీ.వి లేకపోతే కొలజాడీలతో సరిపెట్టుకోవచ్చు, 50 మి.లీ. ఫ్లాస్కులు మాత్రం తప్పనిసరి
- బ్యూరెట్లు, 5 మి.లీ. పిపెట్లు, డ్రాపర్లు
- 0.01 గ్రా. చూపే తక్కెడ. 200 గ్రా. దాకా తూచే చిన్న డిజిటల్ తక్కెడ చాలు
- థర్మామీటరు, గ్రాఫు కాగితం

పెరాక్సైడ్ సీసా మీద అంకె చూసి కొనండి. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం, అంటే 20 వాల్యూమ్. దాన్నే 3 శాతం అనుకుని పోసేయడం ఈ ప్రాజెక్టులో అందరూ చేసే మొదటి పొరపాటు.

కొనకూడనివి మూడు. ఒకటి, రంగులూ వార్నిష్‌లూ అమ్మే కొట్టు స్పిరిట్. అందులో మిథనాల్ ఉండొచ్చు. మిథనాల్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది, ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండు, గాఢత రాయని సర్జికల్ స్పిరిట్. ఎంత శాతమో తెలియని దానితో లెక్క మొదలుపెట్టలేం. మూడు, 70 శాతం ఐసోప్రొపైల్. 70 శాతం ద్రావణంలో ఇంకేం కలిపినా 75 శాతం రాదు. ఎందుకు రాదో పిల్లల్నే చెప్పమనండి.

నీళ్ల విషయంలో ఒక మాట. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానమని కొందరు పట్టుకొస్తారు. కాదు, అందులో దుమ్ము, బూజు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే మంచినీళ్లు మరగకాచి, మూతపెట్టి చల్లార్చి వాడండి.

3. నిప్పు, తాళం, లేబుల్

ఐసోప్రొపైల్ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. మన ల్యాబుల్లో ఎప్పుడూ అంతకంటే వేడిగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, బల్ల మీద నుంచి జారి నేల వెంబడి పాకుతుంది. అందుకే అవతలి బల్ల మీద వెలుగుతున్న స్పిరిట్ దీపం కూడా ప్రమాదమే.

పని మొదలుపెట్టే ముందు ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టండి:

- గదిలో స్పిరిట్ దీపం, బర్నర్, అగరుబత్తి, అగ్గిపెట్టె ఏవీ లేవు
- కిటికీలు, తలుపులు తెరిచి ఉన్నాయి
- లీటరు సీసా టీచరు దగ్గరే ఉంది. ఒక్కో బృందం బల్ల మీద మూతపెట్టిన 100 మి.లీ.కి మించి ఆల్కహాల్ లేదు
- ఇసుక బకెట్, తడి గోనెసంచి, అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉన్నాయి
- అందరికీ కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉన్నాయి. పొడుగు జుట్టు ముడివేశారు, చున్నీ కొంగులు లోపలికి దోపారు
- బ్లీచింగ్ పౌడరు, హైపోక్లోరైట్ ఆ గదిలోనే లేవు. ఆల్కహాల్‌తోనో ఆమ్లంతోనో అవి కలిస్తే విషవాయువులు పుడతాయి

కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ 15 నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

తాళం సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. తెలుగు బడిలో ఈ ప్రాజెక్టు చేస్తూ ఆ మాట చెప్పకుండా ఉండకూడదు. ప్రతి సీసా మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో "విషం. తాగకూడదు. మండుతుంది" అని రాయండి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి.

ఇంకో హద్దు కూడా ముందే చెప్పండి. ఇది నేర్చుకోవడానికి చేసే ద్రావణం. లైసెన్సు లేకుండా తయారుచేసి అమ్మడం చట్టవిరుద్ధం. పిల్లల చేతులకు కొన్న శానిటైజరో, సబ్బో వాడండి.

4. మొదటి రోజు: బల్ల మీద సీసాలు వద్దు, లెక్కలు మాత్రమే

సూత్రం ఒక్కటే. తీసుకునే ద్రావణం గాఢతను దాని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది, తయారయ్యే ద్రావణం గాఢతను దాని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేదానికి సమానం.

ప్రతి బృందం ఈ నాలుగూ కట్టి చూపించాకే రెండో రోజుకు వెళ్లాలి:

(క) 99.8 శాతం ఐసోప్రొపైల్‌తో 100 మి.లీ. 75 శాతం ద్రావణానికి ఎంత కావాలి? 75 × 100 ÷ 99.8 = 75.2 మి.లీ.

(ఖ) 3 శాతం పెరాక్సైడ్ 4.17 మి.లీ.ని 100 మి.లీ.కి పెంచితే గాఢత ఎంత? 3 × 4.17 ÷ 100 = 0.125 శాతం.

(గ) సీసాలో ఉన్నది 6 శాతమైతే ఎంత పోయాలి? 0.125 × 100 ÷ 6 = 2.08 మి.లీ.

(ఘ) 70 శాతం ఆల్కహాల్ రెండు పాళ్లు, అలోవెరా జెల్ ఒక పాలు కలిపితే ఆల్కహాల్ ఎంత శాతం మిగులుతుంది? 70 × 2 ÷ 3 = సుమారు 47.

నాలుగోది కట్టాక తరగతిలో ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది. కరోనా రోజుల్లో ఇళ్లలో ఎంతోమంది చేసుకున్న మిశ్రమం అదే. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలన్నది నియమం. 47తో పని జరగదు.

5. రెండో రోజు: పెరాక్సైడ్ బలం తేల్చడం

పెరాక్సైడ్ ఊరికే ఉండదు. వెలుగు తగిలినా వేడి తగిలినా నెమ్మదిగా నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. షాపులో ఎండ తగిలే అరలో నెలల తరబడి ఉన్న సీసా మీద 6 శాతం అని ఉన్నా, లోపల అంత ఉండకపోవచ్చు. అందుకే నమ్మేయకుండా కొలవాలి.

*తొమ్మిది, పది తరగతులకు: ఆక్సిజన్ కొలిచే పద్ధతి*

20 వాల్యూమ్ అంటే 1 మి.లీ. ద్రావణం ప్రమాణ పరిస్థితుల్లో 20 మి.లీ. ఆక్సిజన్ ఇస్తుందని అర్థం.

1. తొట్టిలో నీళ్లు పోసి, నీళ్లతో నిండిన 100 మి.లీ. కొలజాడీని బోర్లించండి.
2. పరీక్షనాళికలో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్ (చర్యను వేగంగా నడిపే ఉత్ప్రేరకం) వేయండి. అది లేకపోతే పచ్చి బంగాళాదుంపను సన్నగా తరిగి వేయండి. అందులోని కెటలేజ్ ఎంజైమ్ అదే పని చేస్తుంది, కాకపోతే నిదానంగా.
3. 3 మి.లీ. పెరాక్సైడ్‌ను పిపెట్‌తో పోసి, వెంటనే వాయునాళం ఉన్న రబ్బరు బిరడా బిగించండి.
4. బుడగలు పూర్తిగా ఆగాక, కొలజాడీ లోపలి నీళ్లూ తొట్టి నీళ్లూ ఒకే మట్టంలో ఉండేలా జాడీని పైకో కిందికో జరిపి, అప్పుడు అంకె చూడండి.

లెక్క ప్రకారం 60 మి.లీ. రావాలి. 30 డిగ్రీల గదిలో వాయువు వ్యాకోచించి, నీటి ఆవిరి కూడా చేరి 65 నుంచి 70 మి.లీ. దాకా వస్తుంది. 40 దగ్గరే ఆగిపోతే పెరాక్సైడ్ పాతదై ఉండాలి, లేదా బిరడా దగ్గర లీకై ఉండాలి. ముందు బిరడాకు సబ్బునీళ్లు రాసి లీకు చూడండి, ఆ తర్వాతే సీసాను అనుమానించండి.

*ఇంటర్ విద్యార్థులకు: పర్మాంగనేట్‌తో అంశమాపనం (టైట్రేషన్)*

1. పెరాక్సైడ్ 10 మి.లీ. తీసుకుని 250 మి.లీ.కి విలీనం చేయండి.
2. అందులోంచి 10 మి.లీ. శాంకవ కుప్పెలోకి తీసి, 10 మి.లీ. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వద్దు. పర్మాంగనేట్ అందులోని క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరిస్తుంది, లెక్క తప్పుతుంది.
3. బ్యూరెట్‌లో 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్ నింపండి. రంగు ముదురు కాబట్టి ద్రవమట్టం వంపు అడుగు కనబడదు, పై అంచు దగ్గర అంకె చూడండి.
4. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిచేదాకా చుక్కచుక్కగా పోయండి.

మొదటి రెండు మూడు చుక్కల రంగు వెంటనే పోదు. ఏదో తప్పు జరిగిందని కంగారుపడి పిల్లలు ఆమ్లం ఇంకా పోస్తారు. ఆగమనండి. చర్యలో పుట్టే మాంగనీస్ అయాన్లే ఉత్ప్రేరకంగా పనిచేసి ఆ తర్వాత చర్యను వేగంగా నడిపిస్తాయి.

రెండు మోల్‌ల పర్మాంగనేట్‌కు ఐదు మోల్‌ల పెరాక్సైడ్ లెక్కన, సరిగ్గా 6 శాతం ఉంటే బ్యూరెట్ రీడింగు 14.1 మి.లీ. రావాలి. మీకు 11.8 వచ్చిందనుకోండి: 6 × 11.8 ÷ 14.1 = 5.02 శాతం. అప్పుడు 100 మి.లీ. శానిటైజర్‌కు 2.08 కాదు, 0.125 × 100 ÷ 5.02 = 2.5 మి.లీ. పోయాలి. సీసా మీది అంకెను కాదు, చేత్తో తేల్చిన అంకెను వాడామన్న సంగతి పిల్లలకు గుర్తుండిపోయేది ఇక్కడే.

తయారైన శానిటైజర్‌ను ఇలా అంశమాపనం చేయకండి. పర్మాంగనేట్ అందులోని ఐసోప్రొపైల్‌ను కూడా నెమ్మదిగా ఆక్సీకరిస్తుంది, అంత్యబిందువు (గులాబీ రంగు నిలిచే చోటు) నిలవదు.

6. మూడో రోజు: యాభైకి యాభై కలిపితే నూరు కాదు

ముందు చిన్న ప్రయోగం. 50 మి.లీ. ఐసోప్రొపైల్, 50 మి.లీ. నీళ్లు వేర్వేరుగా కొలిచి 100 మి.లీ. కొలజాడీలో కలపండి. జాడీని అరచేతిలో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. చల్లారాక మట్టం చూస్తే సుమారు 97 దగ్గర ఉంటుంది. ఎక్కడా కారలేదు. బరువు తూస్తే గ్రాము కూడా తగ్గదు. ఆల్కహాల్, నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో దగ్గరగా సర్దుకుని తక్కువ చోటు ఆక్రమించాయి.

నీళ్లకు కొలత రాయకుండా గీత దాకా అన్నది ఇందుకే. 75.2, 4.2, 1.45 కూడి, నూరులోంచి తీసేసి, మిగిలిన 19.2 మి.లీ. నీళ్లు పోస్తే ద్రావణం గీతకు కిందే ఆగిపోతుంది. ఆల్కహాల్ శాతం అనుకున్నదానికంటే పెరుగుతుంది.

ఇప్పుడు అసలు పని, సాంద్రత గ్రాఫు. ఒక్కో బృందం ఒక్కో బిందువు తయారుచేస్తుంది. 50 మి.లీ. ఫ్లాస్కులో పోయాల్సిన ఐసోప్రొపైల్:

- బృందం 1: 60 శాతం, 30.0 మి.లీ.
- బృందం 2: 65 శాతం, 32.5 మి.లీ.
- బృందం 3: 70 శాతం, 35.0 మి.లీ.
- బృందం 4: 75 శాతం, 37.5 మి.లీ.
- బృందం 5: 80 శాతం, 40.0 మి.లీ.
- బృందం 6: 85 శాతం, 42.5 మి.లీ.

చేసే వరుస:

1. పొడి ఫ్లాస్కును మూతతో సహా తూచి రాసుకోండి.
2. తక్కెడ మీదే 0.9 గ్రా. గ్లిజరిన్ వేయండి. అసలు ద్రావణంలో గ్లిజరిన్ ఉంటుంది కాబట్టి గ్రాఫులో కూడా ఉండాలి. లేకపోతే చివరి అంకె ఒకటి రెండు శాతం తక్కువ చూపిస్తుంది.
3. బ్యూరెట్‌తో ఐసోప్రొపైల్ పోయండి.
4. గీతకు కొంచెం కిందిదాకా నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులు చేస్తూ కలపండి.
5. పది నిమిషాలు చల్లారనివ్వండి. వెచ్చగా ఉండగానే గీతకు నింపితే, చల్లారాక మట్టం పడిపోతుంది.
6. డ్రాపర్‌తో నీళ్లు వేసి గీతకు సరిచేయండి. కళ్లు గీత ఎత్తులో ఉండాలి, వంపు అడుగు గీతను తాకాలి.
7. ఫ్లాస్కు బయట తుడిచి తూచండి. ఖాళీ బరువు తీసేయండి.

75 శాతం ఫ్లాస్కులోని ద్రవం 43 గ్రా. చుట్టుపక్కల తూగుతుంది. శాతం ఐదు పెరిగినప్పుడల్లా బరువు 0.6 నుంచి 0.7 గ్రా. తగ్గుతుంది. ఆరు బృందాల బరువులను నల్లబల్ల మీద గ్రాఫుగా గీయండి. దాదాపు సరళరేఖ, కొద్దిగా కిందికి వంగుతుంది. ఒక బిందువు వరుస తప్పి నిలబడితే ఎవరి కొలత తప్పిందో అందరికీ కనిపిస్తుంది. ఆ బృందం మళ్లీ చేయాలి. బిందువును జరిపి గీత కలపడానికి ఒప్పుకోకండి.

గ్రాఫు పక్కన గది ఉష్ణోగ్రత తప్పక రాయండి. ఉదయం 25 డిగ్రీలప్పుడు గీసిన గ్రాఫుతో మధ్యాహ్నం 35 డిగ్రీలప్పుడు చూస్తే, సుమారు మూడు శాతం ఎక్కువ ఆల్కహాల్ ఉన్నట్టు చూపిస్తుంది. ఆల్కహాల్ వ్యాకోచించి సాంద్రత తగ్గడమే కారణం. ఇథనాల్ కోసం గీతలు పెట్టిన ఆల్కహాల్‌మీటరు బడిలో ఉన్నా, దీనికి వాడకండి.

7. నాలుగో రోజు: కలపడం

1. 100 మి.లీ. ఫ్లాస్కులో 75.2 మి.లీ. ఐసోప్రొపైల్ పోసి మూత పెట్టండి. ఇక మూత తీసినప్పుడల్లా వెంటనే పెట్టాలి.
2. రెండో రోజు తేల్చిన లెక్క ప్రకారం పెరాక్సైడ్ పిపెట్‌తో పోయండి.
3. చిన్న బీకరులో 1.8 గ్రా. గ్లిజరిన్ తూచండి. పిపెట్‌తో కొలవడానికి ప్రయత్నించకండి, సగం గోడలకే అంటుకుపోతుంది.
4. ఆ బీకరులో 5 మి.లీ. నీళ్లు పోసి కలిపి ఫ్లాస్కులోకి వంచండి. ఇంకో 5 మి.లీ.తో బీకరు కడిగి ఆ నీళ్లూ పోయండి.
5. గీతకు కొంచెం కిందిదాకా నీళ్లు పోసి, మెల్లగా తలకిందులు చేస్తూ కలపండి.
6. చల్లారాక గీతకు నింపండి.

పై వరుసలో నాలుగో పని చేసేటప్పుడు ఫ్లాస్కును వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడమనండి. గ్లిజరిన్ నీళ్లు బెల్లం పాకంలా తీగలు తీగలుగా అడుక్కి జారతాయి. తీగలు కనిపిస్తున్నంత సేపూ ద్రావణం కలవనట్టే. పై భాగంలో ఒక గాఢత, అడుగున ఇంకోటి ఉంటాయి. ఒక్క తీగ కూడా కనబడనిదాకా తిప్పాలి.

ఆ వెంటనే దీన్ని మూడో రోజు తూచిన 50 మి.లీ. ఫ్లాస్కులో (అదే ఫ్లాస్కులో, ఈ ద్రావణంతోనే ఒకసారి కడిగి) గీతదాకా పోసి తూచండి. గ్రాఫులో శాతం చూడండి. 70 నుంచి 80 మధ్య వస్తే ఆమోదించవచ్చు. 75కు ఒకటి రెండు శాతం లోపల తెచ్చిన బృందం బాగా కొలిచినట్టు.

8. 72 గంటలు మూతపెట్టి ఉంచండి, ఈలోగా రెండు చిన్న ప్రయోగాలు

సీసాలో బతికి ఉన్న స్పోర్లను పెరాక్సైడ్ చంపడానికి 72 గంటలు కావాలి. లేబుల్ మీద తయారీ తేదీ, సమయం, బృందం, కొలిచిన శాతం రాసి, చల్లగా చీకటిగా ఉండే బీరువాలో పెట్టి తాళం వేయండి.

*ఆరే వేగం.* గాజు పలక మీద ఒకవైపు 99.8 శాతం ఐసోప్రొపైల్ రెండు చుక్కలు, రెండోవైపు మీ 75 శాతం ద్రావణం రెండు చుక్కలు వేసి ఆరేదాకా సెకన్లు లెక్కపెట్టండి. శుద్ధమైనది ముందు ఆరుతుంది. 75 శాతం చుక్క ఎక్కువసేపు తడిగా ఉంటుంది, చివరికి గ్లిజరిన్ జిడ్డు మిగులుతుంది. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పనిచేస్తుందన్న అపోహ ఇక్కడ పోతుంది.

*గుడ్డు తెల్లసొన.* ఒక పాలు తెల్లసొనను పది పాళ్ల పలుచని ఉప్పునీటిలో కలిపి గుడ్డలో వడకట్టండి. ఐదు పరీక్షనాళికల్లో 0, 20, 40, 60, 75 శాతం ఐసోప్రొపైల్ 5 మి.లీ. చొప్పున పోసి, ఒక్కోదాంట్లో పది చుక్కల తెల్లసొన వేయండి. ఎక్కడ తెల్లగా విరుగుతుందో రాసుకోండి. ఆల్కహాల్ ప్రొటీన్ ఆకారాన్ని ఎలా చెడగొడుతుందో ఇది కంటికి చూపిస్తుంది. అంతేగాని ఇది వైరస్ పరీక్ష కాదు, రిపోర్టులో అలా రాయనివ్వకండి.

నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు వేలు పెడితే పొడి పారిపోయే ప్రయోగాన్ని మాత్రం "సబ్బు వైరస్‌ను చంపడం" పేరుతో చూపించకండి. అది తలతన్యత తగ్గడం వల్ల జరిగేది. సబ్బు చేసే పని వేరు. దాని అణువు తోక కొవ్వులోకి దూరి వైరస్ కొవ్వుపొరను విడదీస్తుంది, ఆ ముక్కలు మిసిలిల్లో (సబ్బు అణువులు గుండ్రంగా చేరిన గుత్తుల్లో) చిక్కి నీటితో కొట్టుకుపోతాయి. పదో తరగతి సబ్బు పాఠంలోని మిసిలి బొమ్మను ఇక్కడ గుర్తు చేస్తే చాలు.

72 గంటలయ్యాక మళ్లీ అదే ఫ్లాస్కులో తూచండి. నాలుగో రోజు తూచిన బరువు కంటే పెరిగితే మూత వదులుగా ఉండి ఆల్కహాల్ ఆవిరైనట్టు. గది ఉష్ణోగ్రత రెండుసార్లూ ఒకటేనా అన్నది ముందు చూడండి.

9. తరచూ వచ్చే చిక్కులు

*శాతం 66 దగ్గర వచ్చింది.* నీళ్లు గీత దాటి ఉంటాయి, లేదా ఆల్కహాల్ మూత లేకుండా బల్ల మీద ఉండి ఉంటుంది. లీటరు సీసా పాతదైతే అది కూడా గాల్లోని తేమను పీల్చుకుని ఉండొచ్చు. శుద్ధమైన ఐసోప్రొపైల్‌ను 50 మి.లీ. ఫ్లాస్కులో తూచి చూడండి. 25 డిగ్రీల దగ్గర 39 గ్రా. రావాలి. అరగ్రాము ఎక్కువ వస్తే అది 99 శాతం కాదు.

*శాతం 80 దాటింది.* ఆల్కహాల్ ఎక్కువ పోశారు, లేదా నీళ్లు గీత దాకా రాలేదు. కలపకముందో, వెచ్చగా ఉన్నప్పుడో గీతకు నింపినా శాతం కొంచెం పెరుగుతుంది.

*రెండుసార్లు తూస్తే రెండు బరువులు.* ఫ్లాస్కు మెడలో గీతకు పైన చుక్కలు అంటుకుని ఉన్నాయి. వడపోత కాగితాన్ని సన్నగా చుట్టి వాటిని తీసేయండి. ఫ్యాను గాలి తక్కెడకు తగులుతున్నా ఇదే జరుగుతుంది. తూచేటప్పుడు ఫ్యాను ఆపి, మళ్లీ వేయండి.

*ద్రావణం మసకగా ఉంది.* కుళాయి నీళ్లు పోశారు. వాటిలోని లవణాలు ఆల్కహాల్‌లో కరగక విడిపోయాయి. పారబోసి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ చేయండి.

*చేతులకు, బల్లకు గోధుమ రంగు మరకలు.* అది పర్మాంగనేట్ వదిలిన మాంగనీస్ డయాక్సైడ్. బల్ల మీద మరకను పలుచని ఆమ్లం కలిపిన పెరాక్సైడ్ గుడ్డతో తుడిస్తే పోతుంది. చర్మం మీదది రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది.

10. రిపోర్టులో ఉండాల్సినవి, మిగిలినవి ఏం చేయాలి

రంగురంగుల చార్టు కంటే ఒక పేజీ అంకెలే ఎక్కువ చెబుతాయి. ప్రతి బృందం రాయాల్సినవి:

- సీసా మీది పెరాక్సైడ్ శాతం, తాము తేల్చిన శాతం
- 50 మి.లీ. బరువు, గది ఉష్ణోగ్రత, గ్రాఫు నుంచి చూసిన ఆల్కహాల్ శాతం
- 75కు ఎంత తేడా వచ్చింది, ఏ మెట్టులో వచ్చి ఉంటుంది, ఎందుకలా అనుకుంటున్నారు

మార్కులు మూడోదానికే ఎక్కువ వేయండి. తప్పును దాచకుండా కారణం వెతికిన బృందం, అనుకోకుండా 75 తెచ్చిన బృందం కంటే ఎక్కువ నేర్చుకుంది.

గ్రాఫుకు వాడిన ద్రావణాలన్నీ ఒక సీసాలో పోసి, లేబుల్ పెట్టి, వైట్‌బోర్డులు, ల్యాబు బల్లలు తుడవడానికి వాడుకోండి. పర్మాంగనేట్ కుప్పెల్లోది అందులో కలపకండి. తెల్లసొన ప్రయోగం మిగులును ధారాళంగా నీళ్లతో కలిపి సింకులో వదలొచ్చు. మిగిలిన పెరాక్సైడ్ సీసా మూతను మరీ బిగించకండి, లోపల పుట్టే ఆక్సిజన్ బయటికి పోవాలి. ఐసోప్రొపైల్ లీటరు సీసాలో ఎన్ని మి.లీ. మిగిలిందో స్టాకు రిజిస్టరులో రాసి సంతకం పెట్టి, బీరువా తాళంచెవి టీచరు దగ్గరే ఉంచండి.